రాత మరిచిన చెయ్యి

నేను పెయింటర్ని. బొమ్మలు వేసే కళాకారుణ్ణి కాదు, బోర్డులు రాసేవాణ్ణి. సిద్దిపేటలో మెదక్ రోడ్డు మీద నాకొక రేకుల షాపు ఉండేది. కిరాణా కొట్లు, దవాఖానలు, ఎరువుల దుకాణాలు, ట్రాక్టర్ల వెనక రేకులు, బడి గోడల మీద మంచి మాటలు, ఇలా పద్దెనిమిదేళ్లు రాశాను. తెలంగాణ ఉద్యమం ముదిరిన తర్వాత వాటన్నిటినీ పక్కన పెట్టి గుడ్డ బ్యానర్ల మీద పడ్డాను. రిలే దీక్షల టెంటులో రోజుకొక సంఘం కూర్చునేది. కూర్చున్న ప్రతి సంఘానికీ వెనకాల ఒక బ్యానర్ కావాలి. అప్పటికే ఫ్లెక్సీలు వచ్చి మాలాంటి వాళ్ల పని సగం లాగేసుకున్నాయి కానీ, కరెంటు కోతల వల్ల ఫ్లెక్సీ మిషను పగలంతా ఆగిపోయి ఉండేది. దాంతో అందరూ మళ్లీ నా షాపు ముందుకే వచ్చారు.

ఒక మధ్యాహ్నం టైలర్ల సంఘం బ్యానర్ రాస్తున్నాను. 'జై తె' వరకు రాసి, 'లం' దగ్గర సున్నా చుట్టబోతే నా చూపుడు వేలు దానంతట అది లోపలికి ముడుచుకుంది. వెంటనే మణికట్టు కూడా పక్కకు తిరిగింది. బ్రష్ గుడ్డ మీదినుంచి లేచిపోయింది. అలసిపోయాననుకుని చెయ్యి విదిలించి, చాయ తాగి వచ్చి మళ్లీ పట్టుకున్నాను. మళ్లీ అదే. మర్నాడు పొద్దున నిద్ర లేచి నిమ్మళంగా కూర్చుని రాసినా అదే.

విచిత్రం ఏమిటంటే ఆ చెయ్యి తక్కిన పనులన్నీ చేసేది. అదే చేత్తో అన్నం తినేవాణ్ణి, గుండీలు పెట్టుకునేవాణ్ణి, బండి నడిపేవాణ్ణి, రంగు డబ్బా మూత లేపేవాణ్ణి. అక్షరం రాయబోతే మాత్రం ఎవరో మెలి తిప్పినట్టు వంకర పోయేది. నొప్పి లేదు, వాపు లేదు. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

మా ఆర్ఎంపీ డాక్టరు నరాల బలహీనత అని బలానికి సూదులు వేశాడు. నా భార్య దిష్టి తీసింది. ఆమెది అక్కన్నపేట. అక్కడికి పోయి ఎవరి దగ్గరో మంత్రించిన తాయెత్తు తెచ్చి కట్టింది. నేను వద్దనలేదు. చెయ్యి వస్తే చాలు, ఏ దారిన వచ్చినా సరే అనుకునే స్థితిలో ఉన్నాను. దీక్షా శిబిరం చూసుకునే ఒకాయన రెండు బ్యానర్లకు తిరిగి తిరిగి, మూడోసారి వచ్చినప్పుడు అందరి ముందు ఒక మాటన్నాడు.

"ఇన్నేండ్లు దుకాండ్ల బోర్డులు రాస్తే రాని రోగం, ఉద్యమం పనికొచ్చేసరికే వచ్చిందా?"

ఆయన పోయాక షట్టర్ సగం దించి లోపల కూర్చున్నాను. తెలంగాణ కోసం జనమంతా ఏదో ఒకటి చేస్తున్న రోజులు. నాకు వచ్చిన పని ఒక్కటే. అది చేయలేకపోవడం ఒక బాధ, చేయలేకపోతున్నానని నమ్మించలేకపోవడం ఇంకో బాధ.

ఆ రోజు షట్టర్ కిందినుంచి వంగి లోపలికి వచ్చిన మనిషి నేను చాచా అని పిలిచే పెద్దాయన. ఆయన కాతిబ్, అంటే ఉర్దూ అక్షరాలు అందంగా రాసే పనివాడు. కలం పట్టి పెళ్లి పత్రికలు రాసిన చెయ్యి ఆయనది. ఆ పని కంప్యూటర్లకు పోయాక, నేను రాసే బోర్డుల మీద ఉర్దూ వరుస తాను రాసేవాడు. పైన తెలుగు నాది, కింద ఉర్దూ ఆయనది. పదేళ్లకు పైగా అలా పని చేశాం. నాకు ఉర్దూ చదవడం రాదు. ఆయన తెలుగు బాగా మాట్లాడతాడు కానీ చదవలేడు.

నా చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నొస్తుందా బేటా?"

"నొస్తలేదు చాచా. నా మాట ఇంటలేదు."

ఆయన నా వేళ్లను ఒక్కొక్కటిగా మడిచి చూశాడు. తర్వాత లేచి, తన బిడ్డ దగ్గరికి పోదాం పద, ఆమె ఏవో మెదడు పాఠాలు వింటున్నది, అన్నాడు.

చాచా బిడ్డ అప్పటికి డిగ్రీ పూర్తి చేసి ఉంది. హైదరాబాదులో పీజీలో సీటు వచ్చింది కానీ ఉద్యమంతో యూనివర్సిటీలో క్లాసులు మొదలు కాలేదు. అంతవరకూ వాళ్లింటి కింద ఉన్న నెట్ సెంటర్ ఆమే చూసుకునేది. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు. ఉద్యమంలో భాగంగా ఆఫీసులూ బస్సులూ అన్నీ ఆపేసిన సమ్మె వల్ల జనం లేరు. ఆమె ఒక మూల కుర్చీలో కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఏదో రాసుకుంటూ కనిపించింది. తెర మీద ఒక ముసలాయన నల్లబల్ల ముందు నిలబడి పాఠం చెబుతున్నాడు. ఏదో విదేశీ విశ్వవిద్యాలయం. అక్కడి తరగతి గదిలో చెప్పిన పాఠాలను వాళ్లే వీడియో తీసి నెట్‌లో పెట్టారట. ఎవరైనా చూడొచ్చు, పైసా కట్టక్కర్లేదు. మెదడు మీద మొత్తం ఒక కోర్సు ఉంది.

పాఠం సంగతి నాకేం తెలియలేదు కానీ, బల్ల మీద ఆయన రాత మీద నా కన్ను పడింది. అక్షరాలు కుడివైపుకు వాలుతున్నాయి, వరుస పైకెక్కుతోంది. బోర్డుకు పనికిరాని చేతిరాత. అయినా చాక్‌పీసు ఎక్కడా ఆగడం లేదు. ఆయన జనంతో మాట్లాడుతూ, బల్ల వైపు చూడకుండానే రాసుకుపోతున్నాడు. మొన్నటివరకూ నేనూ అలాగే రాసేవాణ్ణి.

చాచా బిడ్డ నా కథ మొత్తం విన్నది. మధ్యలో ఆపి ప్రశ్నలు అడిగింది. ఏ వేలు మొదట వంగుతుంది, చాక్‌పీసుతో రాసినా వస్తుందా, ఎడమ చేత్తో రాస్తుంటే కుడి చెయ్యి ఏం చేస్తుంది. నన్ను అంత శ్రద్ధగా అడిగినవాళ్లు అంతవరకు లేరు. కాగితం ఇచ్చి పేరు రాయమన్నది. రాయబోయాను. వేలు ముడుచుకుంది. అదే కాగితం మీద పిట్ట బొమ్మ గీయమన్నది. గీశాను. ముక్కు, కన్ను, రెక్క మీది ఈకలు అన్నీ వచ్చాయి. ఆమె కాగితం తీసుకుని నా ముఖం వైపు ఒకసారి, పిట్ట వైపు ఒకసారి చూసింది.

"అన్నా, మీ చెయ్యికి ఏం కాలే. చెయ్యి నడిపే జాగల ఏదో అయింది. నాకు కూడ తెల్వదు. ఇద్దరం కలిసి విందామా?"

అలా మొదలైంది. బస్సులు లేవు, హైదరాబాదు పోయి పెద్ద డాక్టరుకు చూపించుకునే దారి లేదు. షాపులో పని లేదు. పొద్దున కరెంటు ఉన్నప్పుడు ఆమె ఒక పాఠం దింపి పెట్టేది. కరెంటు పోయాక బ్యాటరీ మీద చూసేవాళ్లం. నేను పదో తరగతి తెలుగు మీడియం. ఇంగ్లీషు బోర్డులు వందలు రాశాను గానీ ఇంగ్లీషు వినడం రాదు. ఆమె రెండు నిమిషాలకోసారి ఆపి తెలుగులో చెప్పేది. కొన్ని పేర్లు వినగానే బడి పుస్తకం గుర్తొచ్చేది. మస్తిష్కం, అనుమస్తిష్కం, మజ్జాముఖం. పరీక్ష కోసం బట్టీ పట్టిన మాటలు. అవి నా తలకాయలోనే ఉన్న జాగాల పేర్లని అప్పుడు ఎందుకో తట్టలేదు.

నాకు బాగా నచ్చింది మెదడు మీద ఒళ్లంతా పరిచి ఉండే పటం. మెదడు పైన ఒక పట్టీ ఉంటుంది. అందులో ఒక్కో అవయవానికి ఒక్కో జాగా. వీపంత వీపుకు బెత్తెడు కూడా ఇవ్వకుండా, వేళ్లకూ పెదవులకూ బోలెడు ఇచ్చారు. ఆ లెక్కన మనిషిని గీస్తే ఎలా ఉంటాడో ముసలాయన తెర మీద చూపించాడు. చాటలంత చేతులు, పుల్లల్లాంటి కాళ్లు. నేను ఆ బొమ్మ కుడి చేత్తోనే నోట్‌బుక్కులో దించుకున్నాను. పేర్లు మాత్రం ఎడమ చేత్తో, ఒకటో తరగతి పిల్లల్లా రాసుకున్నాను. నాడీకణం బొమ్మ అయితే ఎన్నిసార్లు వేశానో. వేర్లతో పెకిలించిన చెట్టులా ఉండేది. చాచా బిడ్డ నా బొమ్మల్ని జిరాక్సు తీసి తన నోట్‌బుక్కులో అతికించుకుంది.

మరో పాఠంలో మెదడు లోపల, అడుగున ముద్దల్లా ఉండే కొన్ని జాగాల గురించి చెప్పాడు. వాటిని బేసల్ గాంగ్లియా అంటారు. అలవాటైన పనులు సాఫీగా జరగడంలో వాటి చెయ్యి ఉందట. ఒక పనిని వేలసార్లు చేస్తే, ఇక దాని గురించి ఆలోచించాల్సిన అవసరం ఉండదు. అంత బాగా అలవాటైన పని ఒక్కటే కొందరిలో చెడిపోతుందని, వాయిద్యాలు వాయించేవాళ్లకూ రాతపని చేసేవాళ్లకూ అలా అవుతుందని ఆయన అన్నప్పుడు, ఆమె వీడియో ఆపింది. తెలుగులో చెప్పమని నేను అడగలేదు. తెర మీద వంకర పోయిన ఒక చెయ్యి ఫొటో ఉంది. కలం పట్టుకుని ఉంది. అచ్చం నాదే.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చాచా బిడ్డ లేచి పోయి ప్రింటరులో కాగితాలు సర్దడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం ఇంటికి పోయేసరికి నా భార్య చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. టీవీ వైపు చూస్తూ చుడుతోంది. ఎదురుగా కూర్చుని, మొదట ఏ వేలు మడుస్తావ్ అని అడిగాను. చెప్పబోయి ఆగింది. వేళ్ల వైపు చూసుకుంది. ఒక బీడీ వదులైంది, రెండోదానికి ఆకు చిరిగింది.

"నువ్వు జెర అటు మర్రు. నువ్వు సూస్తుంటే నాకస్తలేదు."

నేను నవ్వాను. ఆమెకు కోపమొచ్చింది. పాఠంలో విన్నది చెప్పాను. నీ వేళ్లకు తెలిసిన పని నీకు తెలియదు, నువ్వు మధ్యలో దూరితే అవి గాబరా పడతాయి అన్నాను. ఆమె ఇంకో బీడీ చుట్టి చూసుకుంది, ఈసారి కావాలని గోడ వైపు చూస్తూ. సరిగ్గా వచ్చింది. అప్పటినుంచి తాయెత్తు సంగతి ఎత్తలేదు. దాని బదులు ఇవాళ ముసలాయన ఏం చెప్పాడని అడిగేది.

రెండు మూడు రోజులకు కుకునూరుపల్లి నుంచి మనుషులు వచ్చారు. మర్నాడు పెద్ద రోడ్డు మీద వంటావార్పు, అంటే రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వండుకుని తినే నిరసన. బ్యానర్ కావాలి, తెలుగూ ఉర్దూ రెండూ ఉండాలి. రాయలేనని చెప్పబోతుంటే చాచా ఒప్పుకున్నాడు. ఉర్దూ వరుస పెన్సిలుతో గీసి, నమాజుకు పోతూ, అక్షరాల లోపల రంగు నింపుతుండమని నాకు చెప్పాడు. నింపడమే కదా అని కూర్చున్నాను. మూడు అక్షరాలు అయ్యాక చూసుకున్నాను. చెయ్యి వంగలేదు. పెన్సిలు గీత లేని చోట, పక్కన ఖాళీ గుడ్డ మీద అవే అక్షరాలు చూసి దించాను. కుడినుంచి ఎడమకు, చుక్కలతో సహా దించాను. అప్పుడూ వంగలేదు.

బ్రష్ అలాగే పట్టుకుని నెట్ సెంటర్‌కు పరుగెత్తాను. చాచా బిడ్డ బయటకొచ్చి, జరిగింది విని నా చెయ్యి చూసింది.

"మీరు ఉర్దూ రాసిన్రని మీరనుకుంటున్రు. మీ చెయ్యి బొమ్మ గీసింది," అన్నది.

నేను షాపుకు తిరిగొచ్చేసరికి చాచా వచ్చి నిలబడి ఉన్నాడు. విషయం చెప్పగానే ఆయన ఒక నిమిషం గడ్డం నిమురుకుని, నా పాత బ్యానర్ ఒకటి తెచ్చి గోడకు వేలాడదీశాడు. తెలుగు తాను దించుతానన్నాడు. అలా ఆ రోజు ఉర్దూ వరుస నేను రాశాను, తెలుగు వరుస ఆయన రాశాడు. ఇద్దరికీ మేం రాసేది చదవరాదు. ఆయన తలకట్లు కలం పోటులా లావుగా మొదలై సన్నగా సాగాయి. 'ణ'ను ఎలా తిప్పాలో నాలుగుసార్లు అడిగాడు. నా ఉర్దూలో ఒక చుక్క తప్పు చోట పడిందని నవ్వి దిద్దాడు. కుకునూరుపల్లి వాళ్లు బ్యానర్ విప్పి చూసి, ఈ రాత ఎవరిది, కొత్త పెయింటర్ వచ్చిండా అని అడిగారు. చాచా నా వైపు వేలు చూపించాడు.

ఆ తర్వాత నాకు ఆశ పుట్టింది. తెలుగు అక్షరాన్ని కూడా బొమ్మ అనుకుంటే? గుడ్డను తలకిందులు చేసి, అక్షరాలు తలకిందులుగా, చివరి అక్షరం నుంచి మొదటికి రాసి చూశాను. వచ్చింది. షాపు ముందు జనం మూగారు. వంకరగా ఏవో సున్నాలూ కొమ్ములూ గీస్తున్న నన్ను చూసి, చివర్లో గుడ్డ తిప్పితే చదివి చప్పట్లు కొట్టారు. ఆ పద్ధతిలో పది పన్నెండు బ్యానర్లు రాశాను. శిబిరం ఆయనకు కూడా ఒకటి పంపాను. ఆయన వచ్చి, కాసేపు నిలబడి చూసి, చాయ తెప్పించాడు. ఇద్దరం తాగాం.

కానీ నెల తిరగకుండానే తలకిందుల అక్షరాల దగ్గర కూడా వేలు కదలడం మొదలైంది. మొదట 'జ' దగ్గర, తర్వాత అన్నిటి దగ్గరా. అది అక్షరమని చెయ్యి పసిగట్టేసిందేమో. దిగులు పడ్డానని చెప్పాలి, పడ్డాను కూడా. అయినా దిగులుతో పాటే ఇంకొకటి ఉండేది. బొమ్మ ఎప్పుడు అక్షరమవుతుంది? ఎన్నో బ్యానర్ దగ్గర? ఆ గీత దాటినప్పుడు లోపల ఏం మారింది? ఈ ప్రశ్నలు పట్టుకుని చాచా బిడ్డా నేనూ మిగిలిన పాఠాలన్నీ విన్నాం. నాకు జవాబు దొరకలేదు. చివరి పాఠంలో ఆ ముసలాయన, ఇప్పటిదాకా చెప్పినదానికంటే తెలియనిదే ఎక్కువ అని చెప్పి చాక్‌పీసు కింద పెట్టాడు.

బస్సులు నడిచిన తర్వాత హైదరాబాదులో పెద్ద సర్కారు దవాఖానకు పోయాను. నరాల విభాగంలో ఒక డాక్టరమ్మ చూసింది. ఆమె నా చేత రాయించి, వంకర పోవడం చూసి, పక్కనున్న జూనియర్లను పిలిచి ఇంగ్లీషులో ఏదో చెప్పసాగింది. అందులో బేసల్ గాంగ్లియా అనే మాట వినబడింది. నేను వెంటనే, మేడమ్, వాటి గురించి విన్నాను, నాకు వేళ్ల పటం కూడా తెలుసు అని నోట్‌బుక్ తీసి చూపించాను. ఆమె పేజీలు తిప్పుతూ ఆగిపోయింది. పెద్ద చేతుల మనిషి బొమ్మ చూసి నవ్వింది. ఇది ఎవరు నేర్పారని అడిగింది. నెట్‌లో చూశానన్నాను.

"నాకో అనుమానం ఉన్నది మేడమ్. పద్దెనిమిదేండ్లు మంచిగ రాసిన. గిప్పుడే ఎందుకైంది?"

"పని ఎక్కువ కావడం ఒక కారణం కావచ్చు. అంత పని చేసిన అందరికీ రాదు. మీకే ఎందుకు వచ్చిందో నాకు తెలియదు," అన్నదామె.

ఆ జవాబుకు నాకు కోపం రావాలి. రాలేదు. సూదులు వేసినవాళ్లు, తాయెత్తు కట్టినవాళ్లు, మాటలన్నవాళ్లు అందరూ కారణం తెలుసన్నట్టే ఉన్నారు. తెలియదని చెప్పింది చాచా బిడ్డ, ఆ ముసలాయన, ఇప్పుడు ఈమె. ఇంజెక్షన్ ఒకటి ఉంది, కొన్ని నెలలకోసారి వేయించుకోవాలి, సన్నరాతకు ఎంత పనికొస్తుందో చెప్పలేను అన్నది. రెండుసార్లు వేయించుకున్నాను. చూపుడు వేలు మెత్తబడింది, దాంతో బ్రష్ పట్టు కూడా పోయింది. మానేశాను. ఎడమ చెయ్యి నేర్చుకోవడానికి ఏడాదికి పైగా పట్టింది. మొదట్లో అక్షరాలన్నీ ఎడమకు వాలేవి. ఊళ్లో కొన్ని బోర్డులు ఇప్పటికీ అలా వాలే ఉన్నాయి. తెలంగాణ వచ్చిన నాటికి నేను ఎడమ చేత్తో తిన్నగా రాయగలుగుతున్నాను కానీ, అప్పటికి గుడ్డ బ్యానర్లు అడిగేవాళ్లు లేరు. పగలు ఒక ఫ్లెక్సీ షాపులో డిజైన్లు చేస్తూ, దొరికినప్పుడు గోడలు రాసేవాణ్ణి. చాచా కంటిచూపు తగ్గి పని మానుకున్నాడు. ఆయన బిడ్డ పీజీ పూర్తి చేసి ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఏదైనా కొత్త కోర్సు కనబడితే ఇప్పటికీ నాకు పంపుతుంది. నాకిప్పుడు ఇంగ్లీషు సగం అర్థమవుతుంది.

సిద్దిపేట జిల్లా అయ్యాక, మా జిల్లాలోనే ఉన్న ములుగు దగ్గర ఒక బడిలో సైన్సు గది గోడ మీద మెదడు బొమ్మ వేసే పని వచ్చింది. పుస్తకంలో ఉన్నట్టు వేయమని సైన్సు టీచరమ్మ పేజీ చూపించింది. బొమ్మ కుడి చేత్తో వేశాను, పేర్లు ఎడమ చేత్తో రాశాను. పుస్తకంలో లేని ముద్దలు రెండు లోపల వేసి, బేసల్ గాంగ్లియా అని రాస్తుంటే టీచరమ్మ వచ్చింది. పిల్లల పరీక్షకు అది లేదన్నది. ఉండనియ్యండి మేడమ్ అని, నా చేతి సంగతి మొత్తం చెప్పాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని విన్నది. చివరికి ఒక ప్రశ్న అడిగింది.

"మరి మీ ఎడమ చెయ్యి నేర్చుకున్నది, మీ కుడి చెయ్యికి ఏమన్న తెలుస్తదా?"

తెలియదని చెప్పాను. ఆ వారమే వెతికి ఒక పాఠం చూశాను. కొంత తెలుస్తుందట.